జొన్నదంటు బండి

చొప్పవామిలోంచి ఎండిన జొన్నదంటు ఒకటి లాగితే చాలు, బండికి కావలసిన సరంజామా అంతా చేతికొచ్చినట్టే. పైన నున్నటి గట్టి బెరడు, లోపల తెల్లటి బెండు. బెరడును సన్నగా చీలిస్తే మేకులు, బెండును ముక్కలు కోస్తే కొయ్య. జిగురు అక్కర్లేదు, దారం అక్కర్లేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి పల్లెల్లో జొన్న విరివిగా పండిన రోజుల్లో పిల్లల బొమ్మలంగడి ఆ వామే.

అందులో చక్రం పనితనం చూడాలి. బెండును గుండ్రటి బిళ్లలుగా కోసి, నడిమధ్య పుల్ల గుచ్చి, అటూ ఇటూ తిప్పి రంధ్రాన్ని వదులు చేస్తారు. అదే పుల్ల బండి అడుగు బెండులో మాత్రం బిగువుగా దిగాలి. ఇరుసు కదలకూడదు, చక్రం తిరగాలి. పుల్ల కొసన చిన్న బెండుముక్క గుచ్చితే అదే శీల, ఇక చక్రం జారదు. అసలు ఎద్దులబండిలో ఉన్న కీలకమూ ఇదే. బెండు నొక్కుకుపోయి పుల్లను పట్టుకుంటుంది. పెరికిన చోటే మళ్లీ గుచ్చితే ఆ పట్టు రాదు, పక్కన కొత్తగా గుచ్చాలి. ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆరేళ్ల పిల్ల వేళ్లకే తెలిసిపోతుంది.

జర్మనీలో 1837లో చిన్నపిల్లల కోసం ఆటలబడి తెరిచిన ఫ్రోబెల్, నానబెట్టిన బఠానీలకు సన్నపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టించే ఆటను తన పద్ధతిలో చేర్చాడు. మన చేలల్లో దానికి దీటైన ఆట ఉంది, పైగా ఇది కదులుతుంది కూడా.

కొన్న బొమ్మ విరిగితే ఇంట్లో తిట్లు పడతాయి. దంటు బండి విరిగితే ఎవరికీ నష్టం లేదు, ఇంకో దంటు లాక్కోవడమే. చెడగొట్టడానికి భయపడని పిల్లలు ఎంతసేపైనా ఓపిగ్గా కూర్చుంటారు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ నిర్భయమే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. సెల్లు లాక్కుంటే సరిపోదు, ఆ చేతుల్లో ఏదో ఒకటి పెట్టాలి కదా!

ఇప్పుడు ఆ రేగళ్లలో శనగ ఎక్కువ, పులివెందుల వైపు చీనీ తోటలు. అయినా జొన్నరొట్టె తినే సీమలో దంటు దొరక్కపోదు. కోతలప్పుడు ఒక కట్ట అంగన్‌వాడీకి చేర్చవచ్చు. బెరడు అంచు బ్లేడులా కోస్తుంది గనక చీల్చే పని అవ్వో అబ్బో చూసుకోవాలి. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసివాళ్లకు ఈ ముక్కలు ఇవ్వకూడదు. కాస్త పెద్దవాళ్లయితే, చక్రం వంకరగా తిరిగినా సరే, బండి వాళ్లనే కట్టుకోనివ్వాలి.