ఒకే కల్యాణం, మూడు దారులు
(ముందుమాట)

శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియంలో జరిగే కల్యాణాన్ని ఇవాళ కొందరు రేడియోలో వింటారు, కొందరు టీవీలో చూస్తారు, మరికొందరు ఫోన్లో చూస్తారు. ఒకే వేడుకను ఒకే వేళ ఇన్ని దారుల్లో పంపడం వెనుక ఉన్న కసరత్తును తెలుగులో వివరించే పుస్తకం కావాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఆ పని ఈ పుస్తకం రాసిన చిరంజీవి చేతుల మీదుగా జరిగినందుకు ఎంతో సంతోషంగా ఉంది.

మాధ్యమాలను జోడించే ఆలోచన పాతదే. 1958లో బీబీసీ స్టీరియో ప్రయోగాలు చేసినప్పుడు ఒక పక్క ధ్వనిని రేడియో మీద, రెండో పక్క ధ్వనిని టీవీ మీద పంపింది. శ్రోతలు రెండు సెట్లనూ గదిలో చెరోవైపు పెట్టుకుని విన్నారు. ఆనాటి ప్రసారాల్లో రెండూ కలిసి నడిచేవి కాబట్టి అది సాగింది. ఇప్పుడు అలా కుదరదు. ఎందుకు కుదరదో చెప్పిన అధ్యాయం ఈ పుస్తకానికే వన్నె తెచ్చింది. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా వెళ్లి రావడానికే సంకేతానికి దాదాపు పావు సెకను పడుతుంది. బొమ్మను కుదించి, మళ్లీ విప్పడానికి మరికొంత సమయం కావాలి. ఇంటర్నెట్‌లో ముక్కలుగా వచ్చే వీడియో ఇంకా వెనకబడుతుంది. అందుకే జీలకర్ర బెల్లం పెట్టేశారని పక్కింటి రేడియో చెప్పేసరికి, మన ఫోన్లో అది ఇంకా అర్చకుల చేతిలోనే ఉంటుంది.

అయితే రచయిత్రి అసలు తపన సెకన్ల గురించి కాదు, శ్రోత గురించి. రేడియోలో ఉషశ్రీగారి భద్రాచలం కల్యాణ వ్యాఖ్యానం విన్న తరానికి, శ్రోతకు మాటే బొమ్మ అన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మంటపం అలంకారం, ముత్యాల తలంబ్రాలు, జనసందోహం అన్నీ ఆయన మాటల్లోనే కనబడేవి. టీవీకి ఆ అవసరం లేదు. అక్కడ బొమ్మ మాట్లాడుతున్నప్పుడు వ్యాఖ్యాత నోరు మెదపకూడదు. ఒకే గొంతును రెండింటికీ తగిలిస్తే చూసేవాడికి విసుగు, వినేవాడికి లోటు. దీనికి ఆమె చూపిన పద్ధతి పనిలో నలిగినవాళ్లకే తెలిసేది. మంత్రాలు, నాదస్వరం, జనఘోష కలిపి వ్యాఖ్యానం లేని ఫీడ్ ఒకటి తయారుచేయాలి. దాన్ని ప్రతి మాధ్యమానికీ ఇచ్చి, దాని మీద ఎవరి వ్యాఖ్యాతను వారు పెట్టుకోవాలి. మైకులు ఎక్కడెక్కడ అమర్చాలో బొమ్మలు గీసి మరీ చూపించింది.

నాదొక కోరిక. మలి ముద్రణలో తిరువయ్యూరు త్యాగరాజ ఆరాధన మీద ఒక అధ్యాయం చేర్చాలి. అక్కడ పంచరత్న కీర్తనల గోష్ఠి గానం సాగుతున్నప్పుడు రేడియో వ్యాఖ్యాత కూడా మౌనంగా ఉండాల్సిందే. ఎప్పుడు పలకాలో నేర్పిన కలం ఎప్పుడు ఊరుకోవాలో కూడా నేర్పాలి.

చూపు లేనివారికి, పొలంలో పని చేసుకుంటూ వినేవారికి రేడియో మాటే కల్యాణం. ఖర్చు కలిసొస్తుందని వారి వంతు మాటను కోసేయడం అన్యాయం. ప్రసార సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే పెద్దలు, కొత్తగా మైకు ముందు కూర్చునే పిల్లలు ఈ పుస్తకాన్ని తప్పక చదవాలి.