ఓర్పుకి సాక్ష్యం అడగరు

2019 చివర్లో థీసిస్ సమర్పించి వైవా కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మా తమ్ముడు నాకు ఓవర్‌వాచ్ అనే ఆన్‌లైన్ ఆట నేర్పాడు. మొదటి రోజే, "అక్కా, నువ్వు హీలర్ తీసుకో. వెనకాల నిలబడి మనవాళ్ల గాయాలు మాన్పుతుంటే చాలు, నీకు సులువుగా ఉంటుంది" అన్నాడు. వాడి మాటలో ప్రేమ తప్ప వేరే ఉద్దేశం లేదు. కానీ కథల్లో స్త్రీపాత్రల చిత్రణ మీద ఆరేళ్లు పనిచేసినదాన్ని. ఆ సలహా ఎక్కడో విన్నట్టే అనిపించింది. నేను ట్యాంక్ తీసుకున్నాను.

హైదరాబాదు వాళ్లకి ట్యాంక్ అంటే ముందు ట్యాంక్‌బండ్ గుర్తొస్తుంది. ఈ ఆటల భాషలో ట్యాంక్ అంటే జట్టుకి ముందు నిలబడి దెబ్బ కాచుకునే పాత్ర. కొట్టేవాళ్లు, గాయాలు మాన్పేవాళ్లు, అడ్డు నిలబడేవాళ్లు - మొత్తం పని ఇలా మూడుగా విడిపోయి ఉంటుంది. 2016 మేలో ఓవర్‌వాచ్ విడుదలైనప్పుడు జట్టుకి ఆరుగురు, ఎవరు ఏ పాత్రైనా తీసుకోవచ్చు. 2019లో ఒక్కో పనికి ఇద్దరేసి అని నియమం పెట్టారు. 2022 అక్టోబరులో ఆట రెండో రూపం వచ్చినప్పుడు జట్టుని ఐదుగురికి కుదించి, ట్యాంకుని ఒక్కరినే మిగిల్చారు. ఈ మార్పుల వెనక ఉన్న కారణాల్లో ఒకటి ఆడేవాళ్లందరికీ తెలిసిందే: ట్యాంకు పని చెయ్యడానికి చాలామంది ఇష్టపడరు. కొట్టే పాత్ర కావాలంటే వరసలో చాలాసేపు కాచుకోవాలి. ట్యాంకుకి వెంటనే చోటు దొరికేది. తక్కువమంది ఎంచుకునే పాత్రకి కంపెనీ బహుమతులు కూడా ఆశ చూపించింది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. కంప్యూటరు నడిపే శత్రువుతో ఆడటం వేరు, మనుషులతో మనుషులు తలపడటం వేరు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో, కంప్యూటరు నడిపే రాక్షసుడికి ఎవరిమీద ఎంత కోపం రావాలో ఒక లెక్క ఉంటుంది. ట్యాంక్ రెచ్చగొడితే వాడు ఆమెవైపు తిరిగి తీరాలి. అది నియమం. ఎదుట ఉన్నది మనిషైతే ఆ నియమం చెల్లదు. అతను ట్యాంకుని తప్పించుకుని వెనకాలున్న హీలర్ మీదికి నేరుగా వెళ్లొచ్చు. తెలివైనవాడైతే అదే చేస్తాడు. కాబట్టి మనుషుల మధ్య పోరులో ట్యాంకు ముందున్న ప్రశ్న ఇది: నన్ను లెక్కచెయ్యాల్సిన అవసరమే ఎదుటివాడికి లేనప్పుడు, లెక్కచెయ్యక తప్పని స్థితి ఎలా తీసుకురావాలి? ఈ ప్రశ్న మనకి ఆటల బయట కొత్తదేమీ కాదు.

మొదటి కొన్ని నెలలు నేను ఈ పాత్రని చదివిన తీరు ఊహించదగ్గదే. ట్యాంకు అంటే ఇల్లాలు. ఆమె చేసిన పని కనబడదు, చెయ్యనిదే కనబడుతుంది. గెలిస్తే కొట్టినవాళ్ల పేర్లు, ఓడితే 'ట్యాంక్ డిఫ్'. అంటే, రెండు జట్లకీ ఉన్న తేడా అంతా ట్యాంకులోనే ఉందని అర్థం. ఓడిన ఆట చివర్లో ఈ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. భూదేవంత ఓర్పు, సహనం, త్యాగం అని మనం దశాబ్దాలుగా విప్పి చూపిస్తున్న మూస ఇక్కడ ఇనుప తొడుగు వేసుకుని నిలబడిందనుకున్నాను. ఒక వ్యాసానికి సరిపడా నోట్సు కూడా రాసుకున్నాను.

ఆ నోట్సుని ఆటే కొట్టేసింది. ఎలాగో చెప్తాను.

రైన్‌హార్ట్ అని ఒక జర్మన్ యోధుడి పాత్ర ఉంది. పెద్ద డాలు ఎత్తి పట్టుకుంటాడు. డాలు ఎత్తినంతసేపూ సుత్తితో కొట్టలేడు. కొట్టాలంటే డాలు దించాలి. కొత్తగా ఆడేవాళ్లు డాలు దించరు. నేనూ దించేదాన్ని కాదు. అది పగిలిపోయేదాకా పట్టుకుని, పగిలాక దెబ్బలు తింటూ నిలబడేదాన్ని. నా వెనక ఉన్నవాళ్ల కోసం భరిస్తున్నాననుకునేదాన్ని. కానీ ఈ ఆటలో ప్రతి పాత్రకీ ఒక మహాస్త్రం ఉంటుంది. శత్రువు శరీరానికి తగిలిన ప్రతి దెబ్బా దాన్ని కొంచెం కొంచెంగా నింపుతుంది. డాలుకి తగిలిన దెబ్బ నింపదు, ఒంటికి తగిలిందే నింపుతుంది. అంటే అవసరం లేకుండా దెబ్బలు తినే ట్యాంకు తన జట్టుని కాపాడటం లేదు, ఎదుటి జట్టుని పోషిస్తోంది.

ఈ ఒక్క సూత్రం నా చదువుని తలకిందులు చేసింది. ఓర్పు ఇక్కడ గుణం కాదు, పొరపాటు. మంచి ట్యాంకు ఎక్కువ భరించే మనిషి కాదు. పోరు ఎక్కడ జరగాలో నిర్ణయించే మనిషి. గోడ మలుపు దగ్గర నిలబడితే ఎదుటివాళ్లు ఆ మలుపు దాటడానికి ఆలోచించాలి. ఒక అడుగు ముందుకేస్తే వెనకున్నవాళ్లందరికీ అంత చోటు దొరుకుతుంది. తగ్గాల్సినప్పుడు గోడ వెనక్కి తగ్గడం, ఊపిరి తీసుకుని మళ్లీ రావడం కూడా పనిలో భాగమే. ఎదుటివాడు నన్ను ఎందుకు లెక్కచెయ్యాలి? నేను అతనికి కావలసిన చోటులో ఉన్నాను కనక, డాలు దించితే నా సుత్తి కూడా దెబ్బ తీస్తుంది కనక. డాలు మాత్రమే ఉండి సుత్తి లేని ట్యాంకుని దాటుకుని వెళ్లిపోతారు.

ఇదే సంగతిని ఇంకా స్పష్టంగా చూపించే పాత్ర జార్యా. 2015లో పరిచయం చేసిన రష్యన్ బరువులెత్తే క్రీడాకారిణి. వెడల్పాటి భుజాలు, కత్తిరించిన గులాబిరంగు జుట్టు. ఆట విడుదలైనప్పుడున్న ఐదుగురు ట్యాంకుల్లో స్త్రీలు ఇద్దరు, అందులో ఈమె ఒకరు. ఆమె తన చుట్టూ గానీ, తోటివాళ్ల చుట్టూ గానీ ఒక కాంతి బుడగ కప్పగలదు. బుడగకి తగిలిన దెబ్బలు వృథాపోవు. అవి ఆమె తుపాకి కిరణానికి శక్తిగా మారతాయి. శక్తి నూరు నిండితే కిరణం బలం దాదాపు రెట్టింపు. వాడకపోతే ఆ శక్తి కాసేపటికి కరిగిపోతుంది. ఆ కిరణం తక్కువ దూరమే పోతుంది, కదిలే మనిషి మీద దాన్ని క్షణం తప్పకుండా నిలిపి ఉంచాలి. కాచుకోవడం సగం పని, గురి మిగతా సగం.

ఈ మిగతా సగం దగ్గరే ఒక నిజమైన అమ్మాయి కథ మొదలవుతుంది. కిమ్ సే-యాన్ దక్షిణ కొరియా అమ్మాయి. ఆటలో ఆమె పేరు గెగురి. కొరియన్ భాషలో కప్ప అని అర్థం. 2016 జూన్‌లో, ఆట వచ్చిన నెల రోజులకే, పదిహేడేళ్ల వయసులో జార్యాగా ఆడుతూ పెద్ద పెద్ద ఆటగాళ్లని ఓడించింది. ఓడిన జట్టులోని వాళ్లు ఆమె మోసం చేసిందన్నారు. మనిషి చెయ్యి అంత కచ్చితంగా కదలదు, గురిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏదో వాడి ఉంటుందన్నారు. ఆమె మోసం చెయ్యలేదని తేలితే తాము ఆట మానేస్తామని ఇద్దరు పందెం కాశారు. బెదిరింపులు కూడా వచ్చాయి. ఆట తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థ కొరియా విభాగం పరిశీలించి, ఆమె ఏ సాఫ్ట్‌వేరూ వాడలేదని చెప్పింది. అది సరిపోలేదు. ఇన్‌వెన్ అనే గేమింగ్ పత్రిక స్టూడియోకి వెళ్లి, చేతుల మీద ఒక కెమెరా పెట్టుకుని, అందరూ చూస్తుండగా ప్రత్యక్ష ప్రసారంలో ఆడి చూపించాల్సి వచ్చింది. చూపించింది. పందెం కాసిన ఇద్దరూ తప్పుకున్నారు.

ఈ సంఘటనని సాధారణంగా 'ఆడపిల్ల ఆడితే నమ్మరు' అని చదువుతారు. నిజమే. కానీ ట్యాంకుగా ఆడేదాన్ని కాబట్టి నాకు ఇంకో సంగతి కనబడుతోంది. జార్యా పని రెండు భాగాలని చెప్పాను కదా. బుడగలు ఎప్పుడు కప్పింది, ఎవరిని కాపాడింది, ఎన్ని దెబ్బలు కాచుకుంది, వీటి మీద ఎవరికీ అనుమానం రాలేదు. సరైన క్షణానికి బుడగ కప్పడం గురికంటే తేలికైన విద్య కాదు. అయినా దానికి రుజువు అడగలేదు. అనుమానమంతా గురి మీదే. స్త్రీ భరిస్తుందంటే లోకం సాక్ష్యం లేకుండా నమ్ముతుంది. ఆమె గురి తప్పకుండా కొట్టిందంటే చేతులు చూపించమంటుంది.

సాహిత్యం చదివేవాళ్లకి ఈ చేతులు తెలిసినవే. 1773లో లండన్‌లో ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకం అచ్చయినప్పుడు, బోస్టన్ పెద్దమనుషులు 18 మంది సంతకాలు చేసిన ధ్రువపత్రాన్ని ముందు అచ్చువెయ్యాల్సి వచ్చింది. బానిసగా ఉన్న ఒక నల్లజాతి యువతి ఈ పద్యాలు రాయగలదని వాళ్లు నమ్ముతున్నామని దాని సారాంశం. ఆమె బానిసత్వాన్ని భరించిందనడానికి ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది. మన మొల్లని రాజసభలో పండితులు అనుమానించి, అప్పటికప్పుడు పద్యం చెప్పమన్నారనే కథ చరిత్ర కాదు, జనం అల్లుకున్నది. అయినా అలాంటి కథ పుట్టిందంటే, పద్యం చెప్పే స్త్రీ అంటే పరీక్ష పెట్టవలసిన మనిషి అన్న ఊహ ఎంత సహజంగా ఉండేదో తెలుస్తోంది. ఫిలిస్ వీట్లీ మీద మోసిన బరువూ, గెగురి మీద పడిన నిందా ఒకటేనని నేననను. పద్ధతి ఒకటే అంటున్నాను.

గెగురి కథ అక్కడితో ఆగలేదు. 2018లో ఓవర్‌వాచ్ లీగ్ 12 జట్లతో మొదలైనప్పుడు అందులో ఒక్క స్త్రీ కూడా లేదు. ఆమెని ఎందుకు తీసుకోలేదని అడిగితే, ఆటగాళ్లంతా ఒకే ఇంట్లో ఉండాల్సి రావడం లాంటి కారణాలు ఒక జట్టు వాళ్లు చెప్పారు. ఫిబ్రవరిలో షాంఘై డ్రాగన్స్ ఆమెని తీసుకుంది. లీగ్‌లో మొదటి స్త్రీ ఆమే. ఆ సీజన్‌లో ఆ జట్టు ఆడిన 40 ఆటలూ ఓడిపోయింది. ఓడిపోతున్న జట్టులో చోటు స్త్రీకి తొందరగా దొరుకుతుందన్న సంగతి కూడా మనకి కొత్త కాదు. తనని ఒక ప్రతీకగా కాక ఆటగత్తెగా చూస్తే చాలన్నట్టే ఆమె మాట్లాడుతూ వచ్చింది. మన స్త్రీవాద సంబరాల్లోకి ఆమెని లాక్కొచ్చేముందు ఆ మాట వినాలి. నేను ఈ వ్యాసంలో ఆ లాగడమే చేస్తున్నానా అన్న అనుమానం నాకూ ఉంది.

ప్రతీక కావాలంటే కల్పిత పాత్ర ఉండనే ఉంది. రెండో స్త్రీ ట్యాంకు డి.వా, ఆట కథ ప్రకారం కొరియన్ గేమర్. పెద్ద యంత్రంలో కూర్చుని పోరాడుతుంది. యంత్రం పగిలితే చిన్న పిస్తోలుతో బయటికొచ్చి, ఇంకో యంత్రం సంపాదించుకునేదాకా ఒంటరిగా నిలబడాలి. ఈ పాత్ర పేరు పెట్టుకుని కొరియా యువతులు కొందరు జాతీయ డి.వా సంఘం ఏర్పరుచుకున్నారు. 2017 జనవరిలో సియోల్ స్త్రీల ప్రదర్శనలో డి.వా కుందేలు గుర్తున్న జెండా పట్టుకుని నడిచారు. వాళ్ల వాదన నాకు చాలా నచ్చింది: ఇప్పటి కొరియాలో డి.వా లాంటి అమ్మాయి పుట్టుకురాలేదు, ఆట కథ జరిగే కాలానికైనా రాగలిగే దేశాన్ని మనం తయారుచెయ్యాలి. పాత్ర బాగుందని మెచ్చుకుని ఊరుకోకుండా, ఆ పాత్ర బతకగల సమాజం ఏదని అడిగారు. మంచి విమర్శ చేసే పని ఇదే కదా.

ఆటలో బలమైన స్త్రీపాత్రలున్నాయని మురిసిపోవడానికీ లేదు. ఈ ఆట తయారైన సంస్థ మీదే, స్త్రీలపట్ల వివక్ష, వేధింపుల ఆరోపణలతో 2021 జులైలో కాలిఫోర్నియా రాష్ట్ర విభాగం దావా వేసింది. 2023 డిసెంబరులో సుమారు 54 మిలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. అందులో ఎక్కువభాగం ఉద్యోగినులకి జీతాల్లో, పదోన్నతుల్లో జరిగిన తేడాకి పరిహారం. విస్తృతంగా వేధింపులు జరిగాయని ఏ న్యాయస్థానమూ తేల్చలేదని కూడా ఆ ఒప్పందంలో రాసుకున్నారు. తెరమీద జార్యా భుజాలు వెడల్పైనంత మాత్రాన, వాటిని గీసే చోట జీతాలు సమానమైపోవు.

నా వైవా సంగతి చెప్పి ముగిస్తాను. పరిశోధన చేసిన ఆరేళ్లలో అమ్మకి రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఇల్లు నేనే చూసుకున్నాను. ఆ రోజు గదిలో ఉన్న పెద్దలందరూ ఆ ఓర్పుని మెచ్చుకున్నారు. ఒక్కరు కూడా, 'నిజంగా నువ్వే చూసుకున్నావా?' అని అడగలేదు. తర్వాత ఒక పెద్దాయన నాలుగో అధ్యాయం తెరిచి, "ఈ సిద్ధాంత చర్చలో మీ గైడ్ గారి చెయ్యి ఎంత ఉందమ్మా?" అన్నారు. నా చేతిసంచీలో నోటు పుస్తకాలున్నాయి. తీసి, కొట్టివేతలతో సహా ఒక్కో పేజీ చూపించాను. ఆయన తృప్తిపడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక మా తమ్ముడు, "అంతా బాగా జరిగిందా అక్కా?" అంటే జరిగిందన్నాను. గెగురి చేతుల మీద పెట్టిన కెమెరా గురించి నేను చదివింది ఆ తర్వాతే. చదివాక ఆ నోటు పుస్తకాలు గుర్తొచ్చి, అప్పుడు రాని కోపం వచ్చింది. ఆమెకి చూపించక తప్పలేదు, నాకూ తప్పలేదనుకున్నాను. ఇవాళ నా దగ్గరికి పరిశోధన కోసం వచ్చే అమ్మాయిలకి మాత్రం ఒక మాట చెప్తున్నాను. ఆ ప్రశ్న ఎదురైతే సంచీ తెరవొద్దు. అధ్యాయం తెరవండి, అందులోంచి ఏదైనా అడగమనండి. పోరు ఎక్కడ జరగాలో మీరు నిర్ణయించండి.