రేకులు దించి స్లాబ్ పోస్తే

"అన్నా, రేకులు తీసి స్లాబ్ పోస్తా అంటే పర్మిషన్ కావాలంటుండ్రు, నిజమేనా?" అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల వెనక సందులో, 60 గజాల ఇంటాయన ఈ వారం అడిగిన మాట ఇది. అప్పటికే ఒక దళారి కాగితాలు నేను చూసుకుంటానని పైసలు అడిగిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

చిన్న ఇంటివాడిని ఆఫీసుల చుట్టూ తిప్పొద్దన్న నా వాదన ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ఆ మాటే చెప్పింది. 75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు దాటకుండా, కింద ఒకటి పైన ఒకటి కట్టుకుంటే అనుమతి అక్కర్లేదు. ఒక్క రూపాయితో ఆన్‌లైన్ నమోదు చాలు. ప్రభుత్వ భూమో చెరువు శిఖమో కాకూడదు, అంతే. దళారికి ఇక్కడ పనే లేదు.

జాతీయ భవన నిర్మాణ కోడ్ కూడా పైకప్పు మార్చడాన్ని అనుమతి అడగనక్కర్లేని పనుల్లోనే చేర్చింది. పక్కనే ఒక షరతు పెట్టింది: కట్టడం దృఢత్వానికి భంగం రాకూడదని.

ఆ షరతు దగ్గర మా తాత వాళ్ల ఊరు గుర్తొచ్చింది. చేవెళ్ల దగ్గర గూనపెంకుల ఇల్లు. మృగశిర కార్తె రాకముందే గూనలన్నీ కిందికి దించేవాళ్లు. కోతులు పగలగొట్టినవి పక్కకు పెట్టి, మిగిలినవి దులిపి వరుసగా పేర్చేవాళ్లు. కప్పు తీసిన ఇంట్లోకి ఎండ పడుతుంటే వడ్లాయన పైకెక్కి, బాడిశ వెనకవైపుతో ఒక్కో దూలాన్నీ తట్టేవాడు. గట్టిగా మోగితే ముందుకు జరిగేవాడు. బోలుగా పలికితే ఆగి, చెద ఎంతవరకు తిన్నదో వేలితో గీరి చూసేవాడు. గోడ మీద దూలం ఆనిన చోట మట్టి రాలుతున్నదేమో తడిమేవాడు. "ఈయేడు ఈ దూలం మార్సాలె పటేలా" అంటే తాత ఎదురు చెప్పేవాడు కాదు. ఏ ఆఫీసూ అడగకుండానే ఆ ఇంటికి ఏటా తనిఖీ జరిగేది.

సిమెంటు రేకు బరువు చదరపు మీటరుకు 20 కిలోలు కూడా ఉండదు. ఐదంగుళాల స్లాబ్ 300 కిలోలు దాటుతుంది. 20 గజాల గదికి 5 టన్నుల పైమాటే. రేకుల కోసం లేపిన, పిల్లర్లు లేని నాలుగున్నర అంగుళాల గోడ మీద ఈ బరువు మోపితే ఏమవుతుందో ఆ రూపాయి రసీదు చెప్పదు.

అందుకే తనిఖీలు వద్దని ఇన్నాళ్లూ అన్న నేనే ఇప్పుడు ఒక్క తనిఖీ కావాలంటున్నాను. సెంట్రింగ్ కట్టకముందే కార్పొరేషన్ ఇంజనీరు ఆ ఇంటికి రావాలి, అదీ ఆ రూపాయిలోనే. గోడ మోస్తుందా, పునాది నుంచి పిల్లర్లు లేపాలా తేల్చాలి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి దించమని చెప్పాలి. ఆపడానికి కాదు, నిలబెట్టడానికి రావాలి. పెద్ద ప్లాట్లవాళ్లు ఇంజనీరును పెట్టుకోగలరు. 60 గజాలవాడికి ఆ ఇంజనీరును ప్రభుత్వమే ఇవ్వాలి.