మోచేతి లెక్క

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచ్చర్. క్రికెట్ బౌలర్‌లా పరుగెత్తుకుంటూ రాడు. మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక కాలు పైకెత్తి, 18.44 మీటర్ల అవతల ఉన్న బ్యాటర్‌కేసి విసురుతాడు. అనంతపురం జిల్లా కుందుర్పి వైపు రాళ్లకు కొదవ లేదు, కొదవంతా వానకే. అక్కడ చింతకాయలు రాల్చే పిల్లవాడి చేతిని కాసేపు గమనిస్తే సగం ఆట అర్థమవుతుంది. రాయి చెవి వెనక్కి పోతుంది, మోచెయ్యి ముందుకు దూసుకొస్తుంది, ముంజెయ్యి కొరడాలా దాని వెంటే వస్తుంది. పిచ్చర్ చేసేదీ అదే.

అతని బతుకుతెరువంతా మోచేతి లోపలివైపున్న చిన్న లిగమెంట్ మీద నిలుస్తుంది. అందుకే ఆట మొదలుపెట్టే పిచ్చర్‌ను సాధారణంగా అయిదు రోజులకోసారే దింపుతారు, వంద బంతులు దగ్గర పడితే మార్చేస్తారు. ఎంత కాచుకున్నా తెగేది తెగుతుంది. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతిలోంచి ఒక టెండాన్ తీసి ఎడమ మోచేతిలో అమర్చాడు. అప్పటికి జాన్‌కు 31 ఏళ్లు. 1976లో తిరిగొచ్చి 46 ఏళ్లు నిండేదాకా ఆడాడు. 288 విజయాల్లో 164 ఆపరేషన్ తర్వాత వచ్చినవే. ఇప్పుడు ఆ ఆపరేషన్‌కు అతని పేరే.

మన దేశం నుంచి ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ఒక టీవీ పోటీతో వెలుగులోకొచ్చి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌లో చేరారు. అంతకుముందు ఇద్దరూ జావెలిన్ విసిరినవాళ్లే. మేజర్ లీగ్ మెట్టు మాత్రం ఎక్కలేకపోయారు. రింకూ తర్వాత కుస్తీ బాట పట్టాడు.

కుందుర్పి పిల్లలకు తెలిసిన దారి క్రికెట్‌దే. అక్కడేమో బౌలింగ్‌కు రాయి విసిరే చెయ్యి పనికిరాదు. బంతి వదిలేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలకు మించి సాగితే అది బౌలింగ్ కాదు, విసురు. 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో ఇదే కొలత. చింతచెట్టు కింద నేర్చింది నెట్స్‌లో మరిచిపోవాలన్నమాట. బేస్‌బాల్ శిక్షకుడైతే ఆ చేతినే ముద్దు చేసేవాడు. అనంతపురం జిల్లా నుంచి క్రికెట్ దారిన వెళ్లిన ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష 2023 జులై 9న మీర్పూర్‌లో భారత్ తరఫున తొలి టీ20 ఆడింది. ఆ సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది.