ఏమే, అలసిపోయావా?

హిందీ కథలు తెలుగు చేయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక చిన్న వాక్యం నన్ను మధ్యాహ్నమంతా కూర్చోబెట్టింది. 'మై థక్ గయీ హూఁ.' అలసిపోయాను, అంతేగా! కానీ ఆ 'గయీ'లో ఒక ఆడమనిషి ఉంది. నా 'అలసిపోయాను'లో ఆడా లేదు, మగా లేదు.

హిందీకి ఈ పట్టింపు ఎక్కువ. మీసం, గడ్డం (మూంఛ్, దాఢీ) రెండూ అక్కడ స్త్రీలింగాలేనని తెలిసిన రోజు నవ్వాగలేదు. జర్మన్లు ఇంకా ఘనులు: చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకం. అమ్మాయీ నపుంసకమే, 'మేడ్షెన్' చివరి 'షెన్' అనే ముద్దుప్రత్యయం తగిలితే ఏ మాటకైనా అదే గతి. సంస్కృతం మాత్రం తక్కువ తిందా? పెళ్ళాన్ని 'భార్యా' అంటే స్త్రీలింగం, 'దారాః' అంటే పుంలింగం, పైగా బహువచనం, 'కళత్రం' అంటే నపుంసకం. అమరకోశానికి నామలింగానుశాసనం అన్న పేరు ఊరికే రాలేదు.

తెలుగు లెక్క వేరు. చిన్నయసూరి మహత్తు, అమహత్తు అని విడదీశాడు. వాడు వచ్చాడు, బస్సు వచ్చింది, గేదె వచ్చింది, ఆమె కూడా వచ్చింది. ఒక్కతిగా ఉంటే గేదెతో ఒకే గాటన కట్టే వ్యాకరణం, నలుగురు ఆడవాళ్ళు కలిసొస్తే 'వచ్చారు' అని మగవాళ్ళ సరసన కూర్చోబెడుతుంది. గోండి, కొలామీల్లో ఆ మన్నింపు కూడా లేదు. తమిళంలో ఒక్కతి వచ్చినా 'వందాళ్' అని ఆమెకు వేరే క్రియ ఉంది. ఇది తలుచుకుంటే ఉక్రోషమే వస్తుంది గానీ, 'అమ్మ వచ్చింది' అన్న మాట చెవినబడితే మెత్తబడిపోతాను.

ఇక ఆ 'గయీ' సంగతి. మొదట గాజులు గలగలలాడించాను, కొంగుతో చెమట తుడిపించాను. మూలంలో గాజులూ లేవు, కొంగూ లేదు. కొట్టేశాను. కొన్నాళ్ళకి మా పెద్దమ్మ వంటింట్లోంచి మా అమ్మను కేకేసింది: "ఏమే, అన్నం తిన్నావా?" దొరికింది! మన 'నేను' తన లింగం దాచుకుంటుంది గానీ, ఎదుటివాళ్ళ పిలుపు దాన్ని బయటపెట్టేస్తుంది. రారా, రావే. కథలో ఆమె పక్కన స్నేహితురాలు ఉంది. ఆ పిల్ల ప్రశ్నకు ముందు ఒక 'ఏమే' తగిలించాను.

ఇప్పుడు చేతిలో ఉన్న కథలో ఆమె ఒంటరిది. వానరాత్రి, కరెంటు పోయిన గది, పలకరించే దిక్కులేదు. మూడు పేజీలు అయ్యాయి. నాలుగో పేజీలో ఫోను మోగుతుంది. అందాకా ఆగుతున్నాను.