తడబాటులో ఉన్న తడ

"కథనంలో అక్కడక్కడా తడబాటు కనిపిస్తుంది."

ఈ వాక్యం నేనే రాశాను, ఒక రచయిత్రి మొదటి కథాసంపుటి మీద చేసిన సమీక్షలో. పుస్తకం పేరు ఇక్కడ చెప్పను. ఆమెను ఇంకోసారి బోనులో నిలబెట్టడం నాకిష్టం లేదు. సమీక్ష అచ్చయ్యాక ఆమె ఫోన్ చేసింది. కోప్పడలేదు. "ఎక్కడ తడబడ్డానో చెప్తే చూసుకుంటానండీ" అంది, అంతే. పుస్తకం నా ముందే ఉంది, అయినా ఒక్క పేజీ నంబరు కూడా చెప్పలేకపోయాను. కొత్తగా రాస్తున్న స్త్రీల గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఆ మాట నా చేతికి అలవాటుగా వచ్చేస్తోందని అప్పుడు తెలిసింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, నేను వాడే మాటలేమిటో నాకే తెలియలేదు.

ఆ రోజు నుంచి కుదురులేని కదలికకు తెలుగులో ఉన్న మాటలన్నీ పోగెయ్యడం మొదలుపెట్టాను. తడబడు, తొట్రుపడు, తొట్రిల్లు, తూలు, తూగు, ఊగు, సోలు, జారు, వణుకు, కంపించు, చలించు, ఊగిసలాడు. నిఘంటువులో ఇవి ఒకదానికొకటి అర్థాలుగా కనిపిస్తాయి. వాడుకలోకి వచ్చేసరికి మాత్రం ఎవరి మాటలు వాళ్లవి. తూలడం ఎక్కువగా తాగిన మగవాడిది. అతని కాళ్లే కాదు, నోరూ తూలుతుంది. తూలనాడడంలోనూ ఆ తూలే ఉంది, కాకపోతే అక్కడ తూలేది అతను, దెబ్బ తినేది ఎదుటి మనిషి. 'నోరు జారడం' మగవాళ్లకూ ఉంది, 'కాలు జారడం' మాత్రం దాదాపు ఆడవాళ్లకే రాసిచ్చారు. మగవాడిదైతే పొరపాటు, దానికి దిద్దుబాటు ఉంటుంది. గురజాడ 1910లో కథ రాసి ఆ పేరే పెట్టాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి'లోనూ దారి తప్పబోయిన భర్తను నిలబెట్టేది భార్యే. అవతలి మనిషి తడబడితే పట్టుకోవడం ఆమె పని. ఆమె తడబడితే పట్టుకునేదెవరో మన కథల్లో వెతుక్కోవాలి.

ప్రబంధాల సంగతి వేరు. అక్కడ స్త్రీ కుదురుగా నడవకూడదు. నడుము జవ్వాడాలి, అసియాడాలి. మందగమన కావాలి, అలసగమన కావాలి. ఆ నడుముకు నొప్పి ఉంటుందేమోనన్న అనుమానం ఏ కవికీ వచ్చినట్టు లేదు. కావ్యంలో అందమైన ఆ అస్థిరతే సంసారంలోకి వచ్చేసరికి చాంచల్యం అవుతుంది. లక్ష్మీదేవికి కూడా తప్పలేదు, చంచల అన్నారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపిన మాట 'లేచిపోవడం'. విడదీసి చూడండి. లేవడం, పోవడం. ఇందులో తడబాటే లేదు, తెలుగులో ఇంతకంటే స్థిరమైన కదలిక ఉంటుందా? అయినా లేచిన స్త్రీకీ, జారిన స్త్రీకీ ఒకటే తీర్పు. చలం 'మైదానం'లో రాజేశ్వరి ఈ మాటతోనే పేచీకి దిగుతుంది. 1927 నాటి ఆ నవలతో నాకు వేరే తగాదాలున్నాయి, అవి మరోసారి. ఒక స్త్రీ తన కథ చెప్పుకునే ముందు తనకు పెట్టిన పేరును సరిచూడాలనుకోవడం మాత్రం ఈనాటికీ పనికొచ్చే పద్ధతే.

నేనుండేది మియాపూర్. 2017 నవంబరులో మెట్రో వచ్చాక అమీర్‌పేట దాకా నిలబడి వెళ్లడం అలవాటైంది. అక్కడ మారి హైటెక్ సిటీకి పోయేవాళ్లు చాలామంది. ఆడవాళ్లకు కేటాయించిన భాగంలో మలుపు దగ్గర అందరం ఒకరి మీద ఒకరం పడతాం. అప్పుడు ఎవరూ "తడబడ్డాను" అనరు. "కుదుపు" అంటారు. కుదుపు బండిది. కదలికకు కారణాన్ని మనిషి బయట పెట్టే మాట తెలుగులో లేక కాదు, మనం దాన్ని బళ్లకే పరిమితం చేశాం.

ఈ సంగతి నాకు తేటగా చెప్పింది మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంట్లో తట్టలు మోసే ఒకామె. నెత్తిన ఇసుకతో చెక్క మీద నుంచి ఎక్కుతూ ఒక్క క్షణం అటూ ఇటూ అయింది. కింద నుంచి మేస్త్రీ అరిచాడు, "తూలుతున్నవేందే" అని. నేను దగ్గరికెళ్లి "పడబోయావా అమ్మా?" అన్నాను. "నేనేడ తూలిన మేడమ్, చెక్కనే ఊగింది" అంది, తట్ట దించకుండానే.

ఇంటికొచ్చి తడబడు మాట దగ్గర మళ్లీ కూర్చున్నాను. పాత తెలుగులో తడయడం అంటే ఆలస్యం కావడం, ఆగిపోవడం. తడయక అంటే ఆలస్యం చెయ్యక. పక్కనున్న తమిళంలో తడై అంటే అడ్డంకి, తడుమారు అంటే తడబడు. ఆ వరసలో పెట్టి చదివితే తడబాటు కాలి బలహీనత కాదు, దారిలో ఉన్నదాని ఆనవాలు. మాటలో అడ్డంకి ఉంది. వాడుకలో దాన్ని తీసేసి, నడిచే మనిషినే మిగిల్చాం.

అప్పుడు ఆ కథలు మళ్లీ చదివాను. నేను తడబాటు అన్నవి సగంలో ఆగిన వాక్యాలు. ఆమె కథల్లో స్త్రీలు మాట మొదలుపెట్టి వదిలేస్తారు. ఒక్కో చోటా పెన్సిలుతో గీత పెట్టుకుంటూ పోయాను. గదిలోకి ఎవరో వచ్చిన చోటల్లా వాక్యం తెగింది. భర్త, మామగారు, ఒక కథలో టీమ్ లీడర్. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ వాక్యం పూర్తికాదు, కథ ఇంకో మాట ఎత్తుకుంటుంది. నేను దాన్ని శిల్పదోషంగా లెక్కేశాను. అదే పని పేరున్న రచయిత చేసి ఉంటే 'మౌనం' అనో, 'చలించి రాశాడు' అనో రాసేదాన్నేమో. చలించడం కూడా కుదురు తప్పడమే, కానీ మనం దాన్ని గౌరవంగా వాడతాం.

అలాగని స్త్రీలు రాసిన ప్రతి తెగిన వాక్యానికీ ధిక్కారమని పేరు పెట్టలేను. అది ఇంకోరకం బద్ధకం, మన విమర్శలో ఈమధ్య అదీ పెరిగింది. తొందర వల్ల, సంపాదకుల అజాగ్రత్త వల్ల తెగినవీ ఉంటాయి. ఏది ఏదో తేల్చాలంటే పేజీ పేజీ చూడాలి. విమర్శకురాలిగా నేను ఎగ్గొట్టింది ఆ పనినే. 'తడబాటు' అని రాసేస్తే ఇక ఆ పేజీలు తిప్పక్కర్లేదు కదా.

పదకొండు పేజీ నంబర్లు కాగితం మీద రాసుకుని ఆమెకు ఫోన్ చేశాను. ఒక్కొక్కటే చదివి, అక్కడ గదిలోకి ఎవరొచ్చారో చెప్పాను. చాలాసేపు విన్నది. తర్వాత నవ్వి, "మూడో కథ చివర మాత్రం మీరు మొదట అన్నదే నిజమండీ. పాప స్కూలు బస్సొచ్చే టైమైంది, అట్లా ముగించేశాను" అంది.