ఓటు వేరైనా బల్ల ఒక్కటే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి గాని, సర్పంచి పదవికి పోటీ మొదలయ్యాక ఊరు వర్గాలుగా చీలడమూ, ఆ చీలిక సంఘంలోకి, అంటే ఒకచోట కూడి ఆరాధించే క్రైస్తవ విశ్వాసుల సమాజంలోకి పాకడమూ చాలాచోట్ల కనిపించేదే. మందిరంలో రాజకీయాల ఊసే ఎత్తవద్దని కట్టడి చేస్తే నోళ్లు మూతపడతాయే తప్ప మనసులు కలవవు. పైగా తెలుగు సంఘాల్లో అనేకం దళిత కుటుంబాలతో ఏర్పడినవి. షెడ్యూల్డ్ కులాల హోదాను తరువాతి సవరణలతో కలిపి హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే పరిమితం చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వారి పిల్లల చదువునూ కొలువునూ నేరుగా తాకుతున్నప్పుడు, న్యాయాన్ని గురించి మాట్లాడని ప్రసంగం వారికి అక్కరకు రాదు.

అయితే న్యాయాన్ని బోధించడం వేరు, ఫలానా అభ్యర్థికి ఓటేయమనడం వేరు. మత సంస్థల ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడడాన్ని 1988 నాటి చట్టం నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, ఆ పిలుపు వినబడిన క్షణమే అవతలి వర్గం వారు సొంత మందిరంలో పరాయివారైపోతారు. మాంసాహారం, దినాల ఆచరణ విషయంలో తగవు పడిన రోమా విశ్వాసులకు పౌలు రాసిన పత్రిక 14వ అధ్యాయం, అందరూ ఒకే అభిప్రాయానికి రావాలని పట్టుబట్టకుండా, ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దనే హెచ్చరించింది.

ఈ బోధకు చేతుల్లో రూపమిచ్చే ఆచారం దక్షిణ ఇండియా సంఘంలో ఉంది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏకమై స్థాపించుకున్న ఈ సంఘం, ప్రభు భోజన ఆరాధన క్రమంలో ‘సమాధానము’ ఇచ్చిపుచ్చుకునే ప్రాచీన పద్ధతిని పునరుద్ధరించింది. రొట్టె, ద్రాక్షారసం బల్ల మీదికి చేరకముందే, ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనించగా, ఇద్దరూ ఎడమ చేతిని ఎదుటివారి కుడిచేతిపై మూస్తారు. ఆ సమాధానం అలా చేతి నుంచి చేతికి, వరుస నుంచి వరుసకు సాగుతుంది. సహోదరునితో సమాధానపడిన తరువాతే అర్పణ అర్పించమన్న మత్తయి సువార్త ఉపదేశమే ఇక్కడ క్రియారూపం దాల్చింది.

ఈ క్రియ మొక్కుబడిగా మారకుండా ఉండాలంటే మిగిలిన ఆరు రోజుల్లోనూ దానికి తగిన నడత ఉండాలి. ఎన్నికల ముందు మందిరానికి రంగులు వేయిస్తామనో, మైకు సెట్టు కొనిస్తామనో అభ్యర్థులు వస్తే, ఏ వర్గంవారి నుంచి వచ్చినా సంఘ పెద్దలందరూ కలిసి మర్యాదగా కాదనాలి. పోలింగుకు ముందు కాపరి రెండు వర్గాల ఇళ్లకూ వెళ్లి ప్రార్థించాలి, ఫలితాలు వచ్చాక ఓడినవారి గడప ముందుగా తొక్కాలి. ఏ జెండా పట్టినవారికైనా తప్పును తప్పని మొహం మీద చెప్పగల హక్కు కాపరికి ఆ నిష్పక్షపాతం వల్లనే దక్కుతుంది, ఆ మాట చెప్పాక కూడా అందరూ అదే బల్ల చుట్టూ కూడగల సంఘానికే ఐక్య సంఘమనే పేరు తగుతుంది.